ఎనభై దాటిన పెద్దలకు మెడ రక్తనాళ శస్త్రచికిత్స: వయస్సు ఒక్కటే అడ్డంకియా?

సరిహద్దు గ్రామాలలో రెండు భాషలు చదవగలిగిన ఉపాధ్యాయుని ఇంటికి పహణీలు, కోర్టు నోటీసులతో పాటు ఆసుపత్రి కాగితాలు కూడా వస్తూ ఉంటాయి. రెండేళ్ళ క్రిందట ఒక సాయంకాలం మా బాగేపల్లి తాలూకాలోని పొరుగూరి రైతు ఒకరు అటువంటి కాగితమే పట్టుకొని వచ్చారు. అది ఆయన తండ్రిగారి మెడకు తీసిన డాప్లర్ పరీక్ష నివేదిక. కాగితం ఇంగ్లీషులో ఉన్నది, డాక్టరు చెప్పిన మాటలు కన్నడంలో సాగాయి, ఇంట్లో చర్చ తెలుగులో జరుగుతున్నది. ఎడమవైపు రక్తనాళం 80 శాతం మూసుకుపోయిందనీ, త్వరగా శస్త్రచికిత్స చేయించుకోవాలనీ అందులో సారాంశం.

"మా నాయనకు ఎనభై ఒకటి సార్. ఈ వయసులో గొంతు మీద కత్తి పెట్టించాలా? ఉన్నన్ని దినాలు ఉండనీలే అంటాడు మా అన్న. మీరేమంటారు?" అని ఆయన అడిగారు.

నేను వైద్యుడను కాను. కాబట్టి ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఈ ప్రశ్నపై ముప్పై సంవత్సరాలకు పైగా వేలమంది రోగులపై పరిశోధనలు జరిగాయి. వాటి ఫలితాలను మన భాషలో విడమరచి చెప్పటం ఉపాధ్యాయుని పని అని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

జబ్బు స్వరూపం

గుండె నుండి మెదడుకు రక్తాన్ని తీసుకుపోయే పెద్ద రక్తనాళాలు మెడకు కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి ఉన్నాయి. వీటిని కెరోటిడ్ ధమనులు అంటారు. దవడ క్రింద వేలుపెట్టి చూస్తే కొట్టుకునే నాడి ఇదే. దవడ మూలకు కొంచెం దిగువన ఈ ధమని రెండుగా చీలుతుంది. ఒక పాయ మెదడుకూ కంటికీ, రెండవది ముఖానికీ పోతాయి. కాలువ చీలిన చోట ఒండ్రు పేరుకున్నట్లు, ఈ చీలిక దగ్గరే కొవ్వు, సున్నము కలిసిన పాచి పేరుకుంటుంది. పొగాకు, రక్తపోటు, మధుమేహం, వయస్సు దీనికి ముఖ్య కారణాలు.

రక్తం సరిపోక పక్షవాతం వస్తుందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు జరిగేది అది కాదు. ఆ పాచి పగిలి, దానిమీద గడ్డకట్టిన రక్తపు తునక ఊడి, మెదడులోని సన్నని నాళానికి అడ్డుపడుతుంది. తునక చిన్నదై కరిగిపోతే లక్షణాలు కొన్ని నిమిషాలలోనో గంటలోనో తగ్గిపోతాయి. దీనిని తాత్కాలిక పక్షవాతం లేక మినీ స్ట్రోక్ అంటారు. తునక పెద్దదైతే అసలు పక్షవాతమే వస్తుంది.

పై పెద్దాయనకు జరిగింది మొదటిదే. సంగటి తింటూ ఉండగా కుడిచేతి నుండి ముద్ద జారిపోయింది, మాట తడబడింది. పావుగంటలో అంతా సర్దుకున్నది. ఎండదెబ్బ అనుకొని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టారు. మూడవ రోజున ఎడమ కంటికి తెర దించినట్లయి, కొన్ని నిమిషాలకు మళ్ళీ చూపు వచ్చింది. అప్పుడు గాని ఆసుపత్రికి పోలేదు. ఎడమ మెదడు కుడిచేతిని, మాటను నడుపుతుంది. ఎడమ కంటికి రక్తం ఎడమ ధమని నుండే వస్తుంది. కనుక ఈ రెండు సంఘటనలూ ఒకే చోటును చూపించాయి.

శస్త్రచికిత్సలో ఏమి చేస్తారు?

ఈ శస్త్రచికిత్సను కెరోటిడ్ ఎండార్టరెక్టమీ అంటారు. మెడ ప్రక్కన కోసి, ధమనిని పైనా క్రిందా బిగించి, నిలువుగా తెరచి, లోపలి పాచిని ఒలిచి తీసివేస్తారు. ఆ సమయంలో మెదడుకు రక్తం తగ్గకుండా అవసరాన్ని బట్టి ఒక చిన్న గొట్టాన్ని అమరుస్తారు. తరువాత ధమనికి మాసిక వేసినట్లు ఒక పట్టీని కుట్టి మూసివేస్తారు. పూర్తి మత్తులోనూ చేయవచ్చు, మెడకు మాత్రమే మత్తు ఇచ్చి రోగి మెలకువగా ఉండగానూ చేయవచ్చు. ఈ రెండు పద్ధతులనూ పోల్చిన గాలా అనే పరీక్ష 2008లో వెలువడింది. 3,526 మందిపై జరిగిన ఆ పరీక్షలో ఫలితాలు దాదాపు సమానంగానే వచ్చాయి. కనుక "మత్తు ఇస్తే ముసలివాళ్ళు లేవరు" అనే భయం ఒక్కటే నిర్ణయానికి ఆధారం కారాదు.

లక్షణాలు కనిపించినవారి లెక్క

ఉత్తర అమెరికాలో జరిగిన నాసెట్ అనే పరీక్ష ఫలితాలు 1991లో వెలువడ్డాయి. తాత్కాలిక పక్షవాతమో చిన్న పక్షవాతమో వచ్చి, ధమని 70 శాతానికి మించి మూసుకుపోయిన వారిని రెండు వర్గాలుగా చేశారు. మందులు మాత్రమే వాడిన నూరుమందిలో 26 మందికి రెండేళ్ళలో ఆ వైపు పక్షవాతం వచ్చింది. శస్త్రచికిత్స చేయించుకున్న నూరుమందిలో 9 మందికి వచ్చింది. శస్త్రచికిత్స సమయంలో వచ్చిన పక్షవాతాలు కూడా ఈ తొమ్మిదిలో చేరి ఉన్నాయి. అంటే నూటికి 17 మంది తప్పించుకున్నారు.

ఇక వయస్సు సంగతి. ఆ పరీక్షలోని రోగులను వయస్సు వారీగా విడదీసిన విశ్లేషణ 2001లో వచ్చింది. తీవ్రమైన అడ్డంకి ఉన్నవారిలో 65 ఏళ్ళలోపు వారికి శస్త్రచికిత్స వలన నూటికి సుమారు 10 మందికి పక్షవాతం తప్పగా, 75 దాటిన వారిలో నూటికి సుమారు 29 మందికి తప్పింది. ముసలివారికి మేలు తక్కువ అని మనం అనుకుంటాము. లెక్క దానికి విరుద్ధంగా వచ్చింది. కారణం సులభమే. మందులతోనే ఉంటే పెద్దవయస్సు వారికి పక్షవాతం వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. ప్రమాదం ఎక్కువగా ఉన్నచోటే దానిని తొలగించినందువలన లాభమూ ఎక్కువ.

అమెరికా, ఐరోపా పరీక్షలను కలిపి చేసిన లెక్క 2004లో ప్రకటితమైంది. సగానికి మించి మూసుకుపోయిన ధమని ఉన్నవారిలో ఒక్క పక్షవాతాన్ని అయిదేళ్ళలో తప్పించటానికి 65 లోపువారిలో 18 మందికి శస్త్రచికిత్స చేయవలసి ఉండగా, 75 దాటిన వారిలో 5గురికి చేస్తే చాలు. అదే లెక్కలో ఇంకొక ముఖ్యమైన విషయం ఉన్నది. లక్షణం కనిపించిన రెండు వారాలలోపు చేస్తే 5గురిలో ఒకరికి మేలు. పన్నెండు వారాలు దాటిన తరువాత చేస్తే 125 మందిలో ఒకరికే మేలు. "పంట ఇంటికి వచ్చిన తర్వాత చూద్దాం", "పండుగ పోనీ" అని వాయిదా వేయటం ఎంత నష్టమో ఈ రెండు అంకెలే చెప్పుచున్నవి.

లక్షణాలు లేనివారి లెక్క

ఇదే అడ్డంకి ఏ లక్షణమూ లేనివారిలో బయటపడినప్పుడు కథ మారిపోతుంది. మా పెద్దమ్మగారికి 84వ ఏట కంటి పొర ఆపరేషన్‌కు ముందు జరిగిన పరీక్షలలో కుడివైపు మెడ రక్తనాళం 70 శాతం మూసుకున్నదని తెలిసింది. ఆమెకు ఎన్నడూ మాట తడబడలేదు, చేయి పట్టు తప్పలేదు. డాక్టరు శస్త్రచికిత్స వద్దని, మందులు వాడమని చెప్పారు. ఆ రోజు మేమందరమూ "ముసలామె గదా అని వదిలేశారు" అని నొచ్చుకున్నాము. తరువాత చదివితే గాని ఆ సలహాలోని విజ్ఞత అర్థం కాలేదు.

లక్షణాలు లేనివారిపై జరిగిన ఏక్స్ట్-1 పరీక్ష 2004లో ఫలితాలు ఇచ్చింది. అయిదేళ్ళలో పక్షవాతం లేక శస్త్రచికిత్స వలన మరణం, మందులతో ఉన్నవారిలో 11.8 శాతం, శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో 6.4 శాతం. కాని ఈ మేలు 75 లోపువారిలోనే స్పష్టంగా కనిపించింది. ఆ వయస్సు దాటినవారిలో కనిపించలేదు. శస్త్రచికిత్స ప్రమాదం మొదటి నెలలోనే ఎదురవుతుంది, లాభం ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా చేకూరుతుంది. ఆ లాభం చేతికి వచ్చేలోపల పెద్దలలో పెక్కుమంది ఇతర కారణాలతో కన్నుమూస్తారు. టెంకాయ చెట్టు నాటినవాడు కాయ కోసే దాకా ఉండాలి గదా!

అదిగాక ఆ కాలానికీ నేటికీ మందులు బాగా మెరుగుపడ్డాయి. 2025లో ప్రకటితమైన క్రెస్ట్-2 ఫలితాలలో, లక్షణాలు లేనివారికి గట్టి మందుల చికిత్సతో పాటు శస్త్రచికిత్స చేసినా, మందులు మాత్రమే వాడిన వారికంటే స్పష్టమైన ఆధిక్యం కనిపించలేదు. అదే పరీక్షలోని రెండవ భాగంలో స్టెంటు అమర్చిన వారికి కొంత మేలు కనిపించింది. అయితే అందులో పాల్గొన్నవారు ఎక్కువగా ఎనభైకి లోపువారే. కనుక ఎనభై అయిదేళ్ళ అవ్వకు ఆ ఫలితాన్ని అట్లే వర్తింపజేయరాదు.

మా పెద్దమ్మగారు ఆ తరువాత మూడేళ్ళు జీవించి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. పక్షవాతం రాలేదు. ఒక్కరి ఉదాహరణ సాక్ష్యం కాదు. అసలు సాక్ష్యం పైన చెప్పిన వేలమందిలో ఉన్నది.

కత్తి లేకుండా స్టెంటు పెట్టించరాదా?

"గుండెకు పెట్టినట్లు మెడకూ స్టెంటు పెడతారట, కోత ఉండదట" అని చాలామంది అడుగుతారు. కోతకు తట్టుకోలేని ముసలివారికి అదే మేలని తోచటం సహజం. ఇక్కడ కూడా పరిశోధన మన ఊహకు విరుద్ధంగా చెప్పింది. ఐరోపాలోని మూడు పరీక్షలను కలిపి 2010లో ప్రకటించిన విశ్లేషణలో, లక్షణాలు ఉన్న 70 ఏళ్ళ లోపువారిలో నాలుగు నెలలలో పక్షవాతం లేక మరణం స్టెంటుతో 5.8 శాతం, శస్త్రచికిత్సతో 5.7 శాతం, అంటే సమానం. 70 దాటినవారిలో మాత్రం స్టెంటుతో 12.0 శాతం, శస్త్రచికిత్సతో 5.9 శాతం. అమెరికాలో క్రెస్ట్ పరీక్ష సన్నాహ దశలో ఎనభై దాటినవారికి స్టెంటు పెట్టినప్పుడు నెలలోపల పక్షవాతం లేక మరణం 12.1 శాతంగా 2004లో నమోదయింది.

తొడ దగ్గరి నాళం నుండి తీగను మెడదాకా పంపాలి. వయస్సు మీరినవారిలో ఆ దారి వంకరలు తిరిగి, గోడలు గట్టిపడి, పాచి పట్టి ఉంటుంది. తీగ రాసుకున్న చోట తునకలు ఊడి మెదడుకు పోయే అవకాశం ఎక్కువ. మెడలో ఇదివరకే కోత జరిగినవారికి, రేడియేషన్ చికిత్స పొందినవారికి, గుండె మరీ బలహీనంగా ఉన్నవారికి డాక్టర్లు స్టెంటును ఎంచుకోవచ్చును. కాని "ముసలివారు కాబట్టి స్టెంటు" అనే సూత్రం సరికాదు.

మరచిపోరాని మాటలు

పై లెక్కలు చదివి ఎనభై దాటినవారందరికీ శస్త్రచికిత్స చేయించాలని అర్థం చేసుకోరాదు. నాసెట్ పరీక్షలో మొదట ఎనభై ఏళ్ళు దాటినవారిని చేర్చుకోలేదు. తరువాత చేర్చుకున్నా వారి సంఖ్య తక్కువ. చేరినవారు కూడా ఆ వయస్సుకు ఆరోగ్యవంతులే. శస్త్రవైద్యులు ఏరి కోరి ఎంపికైనవారు. అయినప్పటికీ ఆ పరీక్షలో శస్త్రచికిత్స జరిగిన నెలలోపల నూటికి సుమారు 6గురికి పక్షవాతమో మరణమో సంభవించింది. సాధారణ ఆసుపత్రులలో పరిస్థితి వేరు. అమెరికాలో లక్షకు పైగా వృద్ధ రోగుల రికార్డులను పరిశీలించి 1998లో ప్రకటించిన లెక్కలో, ఇటువంటి పరీక్షలలో పాల్గొన్న ఆసుపత్రులలో మరణాలు 1.4 శాతం ఉండగా, ఈ శస్త్రచికిత్స అరుదుగా చేసే ఆసుపత్రులలో 2.5 శాతం ఉన్నాయి. కత్తి ఒకటే అయినా చేయి ముఖ్యం.

ఎనభై దాటినవారిలో శస్త్రచికిత్స వలన పక్షవాతం వచ్చే అవకాశం చిన్నవారికంటే ఎక్కువగా లేదు గాని, గుండెపోటు మొదలైన కారణాలతో మరణించే అవకాశం కొంత ఎక్కువ. మెడలోని నరాలు నలిగి గొంతు బొంగురుపోవటం, నాలుక ఒకవైపుకు పోవటం, మింగటానికి ఇబ్బంది కలగటం ఉన్నవి. ఇవి చాలామందిలో కొన్ని వారాలకో నెలలకో తగ్గుతాయి. మెడలో రక్తం చేరి ఊపిరికి అడ్డం కావచ్చు. వృద్ధులలో ఒకటి రెండు రాత్రులు మతి తప్పినట్లు మాట్లాడటం కూడా సాధారణమే.

కనుక మంచం పట్టినవారికి, మతిమరుపు ముదిరినవారికి, క్యాన్సరు వంటి జబ్బుతో ఆయువు కొద్దిగా ఉన్నవారికి, పెద్ద పక్షవాతంతో ఇదివరకే ఆ వైపు పూర్తిగా పడిపోయినవారికి ఈ శస్త్రచికిత్స వలన లాభం దాదాపు లేదు. ఎనభై ఏళ్ళకు తన పని తాను చేసుకుంటూ, నడుస్తూ, మాట్లాడుతూ ఉండి, ఈ మధ్యనే హెచ్చరిక లక్షణం కనిపించినవారికి లాభం ఎక్కువ. పుట్టిన సంవత్సరం కంటే ఈ విషయాలే ముఖ్యం.

డాక్టరును అడగవలసిన ప్రశ్నలు

1. వచ్చిన లక్షణం ఈ అడ్డంకి వల్లనేనా? అడ్డంకి అదే వైపున ఉన్నదా? మన దేశంలో మెడకు పైన, తలలోపలి నాళాలలో అడ్డంకులు కూడా తరచుగా ఉంటాయి. అక్కడి అడ్డంకికి ఈ శస్త్రచికిత్స పనికిరాదు. అందువలన డాప్లర్‌తో పాటు తల నుండి మెడ దాకా సీటీ లేక ఎమ్మారై యాంజియో అవసరమా అని అడగండి.

2. ఎంత శాతం మూసుకున్నది? సగంలోపైతే శస్త్రచికిత్స అవసరం లేదు. నూటికి నూరు శాతం మూసుకుపోయినా సాధారణంగా చేయరు.

3. మీరు ఏడాదికి ఇటువంటివి ఎన్ని చేస్తారు? అందులో ఎందరికి పక్షవాతమో మరణమో సంభవించింది? లక్షణాలున్న రోగులలో ఇది నూటికి 6 లోపు, లక్షణాలు లేనివారిలో 3 లోపు ఉండాలని వైద్య సంఘాల మార్గదర్శకాలు చెప్పుచున్నవి. ఈ ప్రశ్న అడగటం అమర్యాద కాదు.

4. ఎన్ని రోజులలో చేస్తారు? రెండు వారాలు దాటుతుందంటే వేరే చోట వీలవుతుందేమో అడగండి.

5. చేయించకపోతే ఏ మందులు వాడాలి? చేయించినా, చేయించకపోయినా రక్తం గడ్డకట్టకుండా ఉంచే మాత్ర, కొవ్వు తగ్గించే మాత్ర, రక్తపోటు, చక్కెర అదుపు తప్పనిసరి. బీడీ, చుట్ట, నమిలే పొగాకు మానవలెను. ఆపరేషన్ అయిందని మాత్రలు ఆపివేయటం మన పల్లెలలో సాధారణంగా జరిగే పొరపాటు.

సరిహద్దు కుటుంబాలకు ప్రత్యేకంగా

ఈ శస్త్రచికిత్స తరువాత నర్సు గంట గంటకూ వచ్చి "చేతులెత్తండి, నాలుక చాపండి, పేరు చెప్పండి" అని అడుగుతుంది. మెదడు బాగున్నదా అని చూసే పరీక్ష అది. మన పెద్దలలో చాలామందికి తెలుగు తప్ప మరొక భాష రాదు. కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో అడిగితే ఊరక చూస్తూ ఉండిపోతారు. అది భాష రాకపోవటమా, మాట పడిపోవటమా అని నర్సుకు ఎట్లా తెలుస్తుంది? కాబట్టి మొదటి రెండు రోజులు రెండు భాషలూ తెలిసినవారు ఒకరు అందుబాటులో ఉండేటట్లు ముందుగా మాట్లాడుకోవాలి. వీలుకాకపోతే ఆ నాలుగు మాటలను తెలుగు ఉచ్చారణతో స్థానిక లిపిలో వ్రాసి మంచం దగ్గర ఉంచండి.

పక్షవాతం పేరు కూడా తెలిసి ఉండాలి. కన్నడంలో పార్శ్వవాయువు లేక లక్వ, తమిళంలో పక్కవాదం, ఒడియాలో పక్షాఘాత, మరాఠీలో అర్ధాంగవాయు అంటారు. ముఖం వంకర పోవటం, ఒక చేయి పడిపోవటం, మాట తడబడటం, ఒక కంటికి తెర పడటం, వీటిలో ఏది కనిపించినా, తగ్గిపోయినా సరే, పసరు వైద్యానికి పోకుండా 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరాలి. గడ్డను కరిగించే సూదిమందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. లక్షణం మొదలైన సమయాన్ని వ్రాసి పెట్టుకోండి.

ఖర్చు విషయంలో ఒక మాట. 70 ఏళ్ళు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇచ్చే పథకం 2024 అక్టోబరులో మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స దాని క్రింద పొందవచ్చు. ఆ ఆసుపత్రి పథకంలో ఉన్నదా, ఈ శస్త్రచికిత్సకు అక్కడ వర్తిస్తుందా అని చేరకముందే అక్కడి ఆరోగ్య మిత్ర వద్ద విచారించుకోండి. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పుగా ఉన్న పెద్దలు మన పల్లెలలో ఎందరో ఉన్నారు. దానిని ఆరోగ్యంగా ఉన్నప్పుడే సరిచేయించటం మంచిది.

ముగింపు

పై ప్రశ్నలనే ఒక కాగితంపై కన్నడంలో వ్రాసి ఆ రైతుకు ఇచ్చాను. ఆయన అన్నగారిని కూడా వెంట తీసుకువెళ్ళమన్నాను. అన్నిటికంటే ముందు పెద్దాయనను అడగమన్నాను. అంతవరకు ఎవరూ ఆయనను అడగలేదు! "చచ్చేదానికి భయం లేదు. మంచంలో పడి మీ చేత అన్నీ చేయించుకునేదానికే భయం" అని ఆయన అన్నారట. మొదటి లక్షణం కనిపించిన పదమూడవ రోజున శస్త్రచికిత్స జరిగింది. రెండవ రాత్రి మతి తప్పి, ఎప్పుడో అమ్మేసిన ఎద్దులను పేరుపెట్టి పిలిచారు. రెండు నెలలు గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు ఉదయం వేళ చేను దాకా నడిచి వస్తున్నారు. ఆయనకు మేలు జరిగినందువలన అందరికీ జరుగుతుందని చెప్పలేము. జరగని కుటుంబాలూ ఉన్నాయి.

"ముసలితనం గదా, ఎందుకులే" అన్నది కనికరంగా వినిపించే మాటే. ఈ జబ్బులో మాత్రం లక్షణం కనిపించిన పెద్దకు ఆ మాట అన్యాయం చేస్తుంది. "డబ్బు పోయినా సరే, అన్నీ చేయించేద్దాం" అన్నది ప్రేమగా వినిపించే మాట. లక్షణం లేని పెద్దకు ఆ మాట కీడు చేయవచ్చు. లక్షణం ఉన్నదా, ఎన్నాళ్ళయింది, శరీరం ఎట్లున్నది, చేసే చేయి ఎటువంటిది, పెద్దల మనస్సులో ఏమున్నది అని ఈ అయిదూ విచారించిన తరువాతనే వయస్సు సంగతి ఆలోచించవలసి ఉన్నది.